ట్రాంబండి మన ఊరికి ఎందుకు రాలేదు?

పోయిన నెల ఇదే శీర్షికలో కోల్‌కతా ట్రామ్ గురించి నాలుగు ముక్కలు రాశాను. దానికి వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య దేనికీ రాలేదు. కొందరు మద్రాసు గుర్తు చేశారు, ఒకరు రంగం (బర్మాలోని రంగూన్) గుర్తు చేశారు, గాజువాక నుంచి ఒక పెద్దాయన నేను రాసింది తప్పని గట్టిగానే వాదించారు. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలన్నీ పక్కనపెట్టి ట్రామ్ ఉత్తరాలకే జవాబులు రాస్తున్నాను.

మా తాతగారు చెన్నపట్నంలో చదువుకునే రోజుల్లో ట్రాంబండి ఎక్కి కాలేజీకి వెళ్ళేవారట. మన విశాఖలో కూడా ట్రామ్ ఉండేదని, హార్బర్ వైపు రోడ్డులో దాని పట్టాలు తను చిన్నప్పుడు చూశానని మా పెదనాన్న పట్టుబట్టి చెబుతారు. నిజమేనా?
— ఒక పాఠకురాలు, వన్‌టౌన్

లేదండీ, విశాఖ వీధుల్లో ట్రామ్ ఎప్పుడూ నడవలేదు. అలాగని మీ పెదనాన్నగారు చెప్పింది కల్పన అనుకోకండి, ఆయన పట్టాలు చూసే ఉంటారు. కాకపోతే అవి పోర్టు వాళ్ళవి అయ్యుంటాయి. 1933లో హార్బర్ తెరిచాక సరుకు దింపడానికీ ఎక్కించడానికీ ఓడల దగ్గరిదాకా గూడ్సు వ్యాగన్లు రావాలి కదా, పోర్టుకి సొంత రైలు మార్గం అలా ఉంది. రోడ్డుకి అడ్డంగా వెళ్ళే ఆ పట్టాల్ని చూసి ట్రామ్ అనుకోవడం సహజమే. తేడా తెలుసుకోవడం కష్టం కాదు. ట్రామ్ పట్టా పైభాగంలోనే చక్రం అంచు దిగడానికి గాడి ఉంటుంది, ఆ గాడి తప్ప మిగతాదంతా రోడ్డుతో సమానంగా ఉంటుంది. రైలు పట్టాకి అలా ఉండదు, రోడ్డు దాటేచోట పక్కన ఇంకో పట్టా ముక్క వేసి సందు వదులుతారు. పైగా మన రైలు పట్టాల మధ్య వెడల్పు 1.676 మీటర్లు, కోల్‌కతా ట్రామ్‌కి 1.435 మీటర్లే. బొంబాయిలో మాత్రం కొన్నేళ్ళ కిందట ఫ్లోరా ఫౌంటెన్ దగ్గర తవ్వితే నిజమైన పాత ట్రామ్ పట్టాలు బయటపడ్డాయి. అక్కడ 1964లో ట్రామ్ ఆగిపోతే పట్టాలు పీకకుండా చాలాచోట్ల పైన తారు పోసేశారు.

మనకి ఎందుకు రాలేదంటే, ముందు జనం సంగతి చూడాలి. 1901 లెక్కల ప్రకారం విశాఖ జనాభా 40,892. అదే ఏడు మద్రాసులో ఐదు లక్షల పైన. పట్టాలు పరచాలి, కరెంటు తయారుచెయ్యాలి, బళ్ళు ఇంగ్లండు నుంచి తెప్పించాలి, ఇంత ఖర్చు పెట్టే కంపెనీకి పొద్దున్నుంచి రాత్రిదాకా బళ్ళు నిండాలి. అప్పటి మన ఊరు కోట, కురుపాం మార్కెట్ చుట్టుపక్కల వీధులు, కొంచెం ఎగువన వాల్తేరు. నడిచి వెళ్ళేవాళ్ళు నడిచేవాళ్ళు, డబ్బున్నవాళ్ళకి జట్కా. 1893లో రైలు వచ్చినా ఊరు ఒక్కసారిగా పెరిగిపోలేదు. హార్బర్ వచ్చాకే పెరుగుదల ఊపందుకుంది, 1951కి గానీ లక్ష దాటలేదు. అంటే ట్రామ్ కావాల్సినంత ఊరు అయ్యేసరికి ట్రామ్‌లు మూసేసే కాలం వచ్చేసింది. కొండలూ ఎత్తుపల్లాలూ అడ్డమయ్యాయని కొందరు రాశారు. సిరిపురం ఎక్కుడు చూస్తే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది, కానీ లిస్బన్‌లో ట్రామ్‌లు ఇంతకంటే నిటారు వీధులు ఎక్కుతాయి, వందేళ్ళ పైనుంచి ఎక్కుతూనే ఉన్నాయి.

ఇంకో మాట. మీ తాతగారు ఎక్కిన ట్రామ్‌ని పరాయి ఊరిదని అనుకోకండి. అప్పటికి మనం మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాం, అది మన రాజధాని ట్రామ్. 1895 మే 7న మొదలైంది, దేశంలో కరెంటుతో నడిచిన మొట్టమొదటి ట్రామ్ అదే. 1953 ఏప్రిల్ 12న ఆగిపోయింది. అదే ఏడు అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చి మనం మద్రాసు నుంచి విడిపోయాం. ఆరు నెలలు కూడా తేడా లేదు. ఆ తరం తెలుగువాళ్ళు చెన్నపట్నం కబుర్లు చెబితే హైకోర్టు, మౌంట్‌రోడ్డు, మైలాపూరు అంటూ అన్నిటి మధ్యలోనూ ట్రాంబండి గంట వినిపించేది అందుకే.

మా ముత్తాత రంగం వెళ్ళి ఓడరేవులో పనిచేశాడు. అక్కడ ట్రామ్ ఎక్కేవాడని ఇంట్లో చెప్పుకుంటారు. రంగూన్‌లో ట్రామ్ ఉండేదా?
— భీమునిపట్నం పాఠకుడు

ఉండేది. ముందు ఆవిరి ట్రామ్, 1906 నుంచి కరెంటు ట్రామ్. భీమిలి, విశాఖ, కళింగపట్నం రేవుల నుంచి ఓడెక్కి వెళ్ళిన మన ఉత్తరాంధ్ర వాళ్ళు అక్కడ ఓడల మీద మూటలు మోశారు, రిక్షాలు లాగారు, మిల్లుల్లో చేశారు. కాబట్టి విశాఖలో ట్రామ్ నడవకపోయినా, మద్రాసులో చదువుకున్న పెద్దింటి పిల్లలతోపాటు రంగంలో కూలి చేసుకున్నవాళ్ళు కూడా ట్రామ్ చూశారన్నమాట. నాకు మీ ఉత్తరం అందుకే అన్నిటికంటే నచ్చింది. 1941 డిసెంబరులో రంగూన్ మీద జపాన్ బాంబులు పడ్డాయి, మనవాళ్ళు వేలాదిమంది కొండలూ అడవులూ దాటి నడిచి ఇళ్ళకి చేరారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీదా బాంబులు పడ్డాయి. యుద్ధంలో చితికిపోయిన రంగూన్ ట్రామ్ మళ్ళీ కోలుకోలేదు. మీ ముత్తాత కబుర్లు తెలిసినవాళ్ళు ఇంట్లో ఇంకా ఎవరైనా ఉంటే ఇవాళే కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చెయ్యండి.

ట్రామ్‌ని మొదట్లో గుర్రాలు లాగేవట కదా. గుర్రబ్బండికే పట్టాలు ఎందుకు? తర్వాత కరెంటు ఎలా అందేది? ఒక్క తీగతో మోటారు ఎలా తిరుగుతుంది?
— ఇంజినీరింగ్ విద్యార్థి, మద్దిలపాలెం

రాళ్ళ రోడ్డు మీద చక్రం ప్రతి గుంటలోనూ దిగి లేస్తుంది, ఇనప పట్టా మీద ఇనప చక్రం జారినట్టు పోతుంది. అందుకే మామూలు బండి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ బరువు అవే గుర్రాలు లాగగలవు. కోల్‌కతాలో 1873 ఫిబ్రవరి 24న సియాల్దా నుంచి ఆర్మీనియన్ ఘాట్ దాకా, నాలుగు కిలోమీటర్ల లోపే, గుర్రాల ట్రామ్ వేశారు. జనం ఎక్కక ఆ నవంబరులోనే మూసేశారు. 1880లో కంపెనీ పెట్టి మళ్ళీ మొదలుపెట్టారు. ఆ శతాబ్దం చివరికి ఆ కంపెనీ దగ్గర 166 బళ్ళు, 1000 గుర్రాలు. లెక్క వేసి చూడండి, బండికి ఆరు గుర్రాలు. ఒక జత కాసేపు లాగి అలిసిపోతే ఇంకో జత కట్టాలి, ఆ ఎండల్లో అవి ఎక్కువ కాలం బతికేవి కావు, వాటికి దాణా, సాలలు, మనుషులు. కరెంటు వస్తే కంపెనీలన్నీ ఎగబడ్డాయంటే ఆశ్చర్యం లేదు. కోల్‌కతాలో 1902లో, బొంబాయిలో 1907లో కరెంటు ట్రామ్ వచ్చింది.

ఒక్క తీగ ప్రశ్న మంచి ప్రశ్న. తీగ ఒకటే, కానీ దారులు రెండు. పైనున్న తీగ నుంచి బండి నెత్తిన ఉన్న పొడవాటి కర్ర ద్వారా కరెంటు మోటారులోకి దిగుతుంది, చక్రాల మీదుగా పట్టాలోకి పోయి పట్టా వెంట సబ్‌స్టేషన్‌కి తిరిగి చేరుతుంది. దాదాపు 550 వోల్టుల డీసీ. రెండో తీగ పట్టాయే. రబ్బరు టైర్ల ట్రాలీబస్సుకి ఆ దారి లేదు కాబట్టి దానికి పైన రెండు తీగలు కావాలి.

మద్రాసులో మొదట పైన తీగ లేదు, ఇది చాలామందికి తెలియదు. రోడ్డు కింద కాలువలాంటిది తవ్వి అందులో కరెంటు పెట్టి, పైన సన్నటి చీలిక వదిలి, ఆ చీలికలోంచి బండి కరెంటు అందుకునేలా చేశారు. వీధి అందం చెడకుండా ఉంటుందని. ఈశాన్య రుతుపవనం వానలు మనకి తెలియనివా, ఆ కాలువలు నీళ్ళతో నిండిపోయేవి. చివరికి అది వదిలేసి అందరిలాగే పైన తీగలు లాగారు. విచిత్రమేమిటంటే 2003లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పైన తీగ వద్దని మళ్ళీ నేలలోంచే కరెంటు ఇచ్చారు, అయితే ఇప్పుడు బండి సరిగ్గా పైన ఉన్న ముక్కకి మాత్రమే కరెంటు వస్తుంది, మిగతా పట్టా మీద మనిషి నిలబడినా ఏమీ కాదు.

నేను ముప్ఫై ఏళ్ళు బస్సు స్టీరింగ్ పట్టినవాణ్ణి. "ట్రామ్ చచ్చిపోలేదు, చంపేశాం" అని మీరు రాయడం నాకు నచ్చలేదు. ట్రామ్ పట్టా వదిలి కదల్లేదు. ముందు బండి ఆగితే వెనక పది బళ్ళు ఆగుతాయి. బస్సు చౌక, ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. అందుకే జనం బస్సు ఎక్కారు, ట్రామ్ పోయింది. ఇందులో చంపడం ఏముంది?
— రిటైర్డ్ డ్రైవరు, గాజువాక

అయ్యా, మీరు చెప్పినవి అన్నీ నిజాలే. ఊరు కొత్త వైపుకి పెరిగితే బస్సు మర్నాడే ఆ వైపు వెళుతుంది, ట్రామ్‌కి ముందు రోడ్డు తవ్వాలి. ఆ మాట నేను కాదనను. కానీ అదే అసలు కారణమైతే బస్సు వచ్చిన పదేళ్ళలో ట్రామ్‌లు పోవాలి. కాన్పూరులో 1933లో పోయింది సరే, మద్రాసులో 1953 దాకా, ఢిల్లీలో 1963 దాకా, బొంబాయిలో 1964 మార్చి 31 దాకా నిండుగా నడిచాయి. బొంబాయిలో డబుల్ డెక్కర్ ట్రామ్‌లు కూడా ఉండేవి.

కంపెనీ జమాఖర్చులు చూస్తే వేరే కథ కనిపిస్తుంది. ట్రామ్ కంపెనీకి రోడ్డు ఊరికే ఇవ్వలేదు. పట్టాల మధ్య రోడ్డు, పక్కన కొంతమేర రోడ్డు బాగుచెయ్యాల్సిన బాధ్యత కంపెనీదే. ఆ బాగుచేసిన రోడ్డు మీదే బస్సు నడిచింది, లారీ నడిచింది, దాన్ని అరగదీసింది. టికెట్టు ధర కంపెనీ ఇష్టం కాదు, పెంచాలంటే సర్కారు ఒప్పుకోవాలి, జనం ఒప్పుకోవాలి. 1953 జూలైలో కోల్‌కతాలో సెకండ్ క్లాసు టికెట్టు మీద ఒక్క పైసా పెంచితే నగరం అట్టుడికిపోయింది, ట్రామ్‌లు తగలబెట్టారు, చివరికి పెంపు ఆపేశారు. జనాన్ని తప్పుపట్టలేం, దేశ విభజనతో ఊళ్ళు వదిలొచ్చినవాళ్ళతో నిండిన నగరం, పైసా అంటే పైసాయే. కానీ ఒక పక్క కూలీల జీతాలు, కరెంటు బిల్లు, ఇనుము ధర పెరుగుతుంటే రాబడి అక్కడే ఆగిపోయిన సంస్థ ఏం చేస్తుంది? పట్టా మార్చడం వాయిదా వేస్తుంది, రంగులు వెయ్యడం మానేస్తుంది, బళ్ళు తగ్గిస్తుంది. యుద్ధకాలంలో విరగబడి జనం ఎక్కారు, ఇంగ్లండు నుంచి స్పేర్లు రాలేదు, ఆరేళ్ళలో బళ్ళన్నీ హూనమైపోయాయి. మద్రాసు కంపెనీ అలాగే నష్టాల్లో మునిగి చేతులెత్తేసింది. పైగా కొన్నేళ్ళ తర్వాత కంపెనీని మునిసిపాలిటీ కొనుక్కోవచ్చని చాలాచోట్ల ఒప్పందంలోనే ఉండేది. రేపో మాపో ఇచ్చెయ్యాల్సిన ఇంటికి ఎవరు సున్నం వేయిస్తారు చెప్పండి.

ప్రభుత్వం చేతికి వస్తే బతికేదా అంటే అదీ పూర్తిగా కాదు. బొంబాయిలో 1947లోనే నగరపాలక సంస్థ కొనేసింది, అయినా పదిహేడేళ్ళకి మూసేశారు. అప్పటికి కార్లకి దారి ఇవ్వడమే నగరం బాగుపడటం అనే ఆలోచన ప్రపంచమంతా పాకింది.

కోల్‌కతా ఒక్కటీ నిలబడింది. 1943లో హౌరా వంతెన తెరిస్తే దాని మీద మొదట వెళ్ళిన బండి ట్రామే. 1967లో ప్రభుత్వం యాజమాన్యం తీసుకుంది, 1976లో పూర్తిగా సొంతం చేసుకుంది. అక్కడ చాలా రోడ్లలో ట్రామ్ కోసం రోడ్డు మధ్యలో వేరే పట్టీ ఉండేది, గడ్డి మొలిచి, రెండు పక్కలా గట్టు కట్టి, అందులోకి ఇంకో బండి రాదు. అలాంటిచోట రోడ్డంతా జామ్ అయినా ట్రామ్ తన దారిన తను పోతుంది. తర్వాత ఏం చేశారంటే, ఆ గట్లు తీసేసి గడ్డి మీద కాంక్రీటు పోసి రోడ్డులో కలిపేశారు. ఇంక పట్టా మీద కార్లు, టాక్సీలు, తోపుడుబళ్ళు. ట్రామ్ ఎక్కాలంటే నడిరోడ్డు మీదికి పరిగెత్తాలి. మెట్రో పనుల కోసం కొన్ని దారులు తెంపారు, ఫ్లైఓవర్ల కోసం కొన్ని, 2020లో అంఫన్ తుపానుకి తీగలు తెగిపోయాక ఖిదిర్‌పూర్ దారి మళ్ళీ తెరవలేదు. 2024 సెప్టెంబరులో ట్రామ్ మెల్లగా పోతోంది, ట్రాఫిక్‌కి అడ్డం అని చెప్పి, మైదాన్ నుంచి ఎస్ప్లనేడ్ దాకా వారసత్వంగా ఒక్క ముక్క ఉంచి మిగతాది ఆపేస్తామని ప్రకటించారు.

నేను ఎక్కిన ఒక రోజు చెబుతాను. ఉత్తర కోల్‌కతాలో ఇరుకు రోడ్డు, ముందు పెట్టెలో కిటికీ పక్కన కూర్చున్నాను. చెక్క సీటు వందేళ్ళ చేతుల కింద నునుపెక్కిపోయి ఉంది. ఒక కూడలి దగ్గర ట్రామ్ ఆగింది, డ్రైవరు ఇనప కడ్డీ పట్టుకుని కిందికి దిగి, పట్టా గాడిలో పెట్టి ఒక్క తిప్పు తిప్పి దారి మార్చి, మళ్ళీ ఎక్కి కాలితో గంట నొక్కాడు. టంగ్ టంగ్. ఆ మొత్తం పనికి నిమిషం కూడా పట్టలేదు. రెండు వందల గజాలు వెళ్ళామో లేదో, ఒక లారీ వెనక చక్రం పట్టా మీద ఒక అడుగు మేర ఉండేట్టు ఆపి ఎవరో సరుకు దింపుతున్నారు. ఒక్క అడుగు. గంట కొడుతూనే ఉన్నాడు, నేను వాచీ చూసుకున్నాను, పన్నెండు నిమిషాలు. ఎవరూ ఆ లారీ వాణ్ణి ఏమీ అనలేదు, ట్రామ్ దిగి నడుచుకుంటూ పోయారు. దిగుతూ నా పక్కాయన "ట్రామ్ ఇంతే" అన్నట్టు చెయ్యి ఊపాడు. పన్నెండు నిమిషాలు లారీ తింటే మాట ట్రామ్‌కి పడింది.

మీరు బస్సు నడిపినవారు కాబట్టి మీకే ఇది బాగా తెలియాలి. పెందుర్తి రోడ్డులో బస్సుల కోసం మధ్యలో వేరే లైను వేశారు కదా. అందులోకి కారూ బైకూ దూరిన రోజున మీ బస్సు ఎలా నడిచింది? దారి లాక్కుని, తర్వాత మెల్లగా పోతోందని నింద వెయ్యడం, దీన్నే నేను చంపడం అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోలేను, మన్నించండి. ట్రామ్‌కి జరిగింది బస్సుకి కూడా జరుగుతోందని భయంగా ఉంది నాకు.

విశాఖకి ట్రామ్ వస్తుందని అప్పట్లో పేపర్లలో చదివాం. తర్వాత మెట్రో అన్నారు. ఇంతకీ ఈ కాలంలో ట్రామ్ అవసరమా?
— సీతమ్మధార పాఠకురాలు

మీరు చదివింది నిజమే. 2020 ప్రాంతంలో లైట్ మెట్రోతోపాటు దాదాపు 60 కిలోమీటర్ల ఆధునిక ట్రామ్ కూడా ప్రతిపాదనల్లో ఉండేది. తర్వాత ముందుకొచ్చింది మెట్రో, మొదటి దశ 46.23 కిలోమీటర్లు, 42 స్టేషన్లు: స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది, గురుద్వారా నుంచి పాత పోస్టాఫీసు, తాటిచెట్లపాలెం నుంచి చినవాల్తేరు.

ఆధునిక ట్రామ్ అంటే మనం ఫొటోల్లో చూసే పాత బండి కాదు. నేల ఎత్తున తలుపు, వీల్‌చెయిర్ సైతం నేరుగా లోపలికి వెళుతుంది, ఐదారు పెట్టెలు కలిపి ఒక్క బండి. ఫ్రాన్స్‌లో నాంత్ నగరం 1958లో ట్రామ్ మూసేసి 1985లో మళ్ళీ తెచ్చుకుంది. దాన్ని చూసి 1994లో స్ట్రాస్‌బర్గ్, ఆ తర్వాత ఎన్నో ఊళ్ళు. మెల్‌బోర్న్ అసలు తియ్యనేలేదు, ఇప్పుడు దాదాపు 250 కిలోమీటర్లతో ప్రపంచంలోనే పెద్ద ట్రామ్ వ్యవస్థ వాళ్ళదే.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది లాంటి దూరానికి మెట్రోయే సరి. వన్‌టౌన్, జగదాంబ, బీచ్‌రోడ్డు లాంటిచోట ట్రామ్ చక్కగా కుదురుతుంది, కానీ రోడ్డులో సగం దానికి ఒదిలేసే ధైర్యం ఉంటేనే. పార్కింగు కార్ల మధ్య నడిపే ట్రామ్ వద్దే వద్దు, ఆ డబ్బుతో బస్సులు కొనుక్కుందాం. ఇంకోటి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఒక్క కరెంటు స్తంభం నిటారుగా లేని వీధులు చూశాం. పైన తీగలు వేస్తే అది గుర్తుపెట్టుకుని వెయ్యాలి.

దసరా సెలవులకి పిల్లల్ని కోల్‌కతా తీసుకెళుతున్నాం. ట్రామ్ ఎక్కించవచ్చా?
— పెందుర్తి పాఠకుడు

ఎక్కించండి, తప్పకుండా. నడిచే దారులు బాగా తగ్గిపోయాయి కాబట్టి హౌరాలో దిగాక ఎస్ప్లనేడ్ ట్రామ్ డిపోకి వెళ్ళి ఆ రోజు ఏది నడుస్తోందో అక్కడే అడగండి. అక్కడే స్మరణిక అని చిన్న ట్రామ్ మ్యూజియం ఉంది, 1938 నాటి ట్రామ్ బండినే మ్యూజియంగా మార్చారు. పూజల రోజుల్లో సాయంత్రం రద్దీ విపరీతం, పొద్దున్నే వెళ్ళండి. పిల్లల్ని డ్రైవరు వెనకాల నిలబెట్టండి, ఇనప కడ్డీతో దారి మార్చడం అక్కణ్ణుంచే బాగా కనిపిస్తుంది.